విద్యార్థి క్రీడాకారుడు - ప్రకటనల సొమ్ము

1941వ సంవత్సరములో ఒక కాలేయపు టానిక్కు ప్రకటనలో కర్నల్ కొట్టారి కనకయ్య నాయుడుగారి పేరు కనిపించినది. భారత క్రికెటు ఆటగాండ్రలో ఒక వ్యాపార వస్తువునకు తన పేరిచ్చిన మొదటివారు ఆయనే యని చెప్పుదురు. నాయుడుగారు నాగపూరులో జన్మించినను వారి కుటుంబము మన బందరుదే. కనుక ఆటగాని పేరు అంగడి సరకునకు తోడగుట యన్నది బందరువారికి పరాయి ముచ్చట కాదు.

అప్పటికి ఆయనకు 45 ఏండ్లు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు తీసి పదునాలుగేండ్లు దాటినవి. 1932లో లార్డ్సు మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకత్వము వహించి తొమ్మిదేండ్లు కావచ్చినది. ఆ కాలమంతయు ఆయనను పోషించినది ఇందూరు హోల్కారు మహారాజు కొలువు. డబ్బు నాశింపక ఆడుటయే ఉత్తమమని ఆనాటి ఆదర్శము. ఆ ఆదర్శము మంచిదే. కాని దాని వెనుక ఎల్లప్పుడును ఎవరిదో ఒకరి ధాన్యపుకొట్టు ఉండెను. ఇంటిలో కలిమి గలవాడో, సంస్థానములో కొలువు దొరికినవాడో మాత్రమే దానిని నిలుపుకొనగలిగెను.

నేడు ఈ ప్రశ్న మరియొక రూపమున మన ముందునకు వచ్చినది. కళాశాలలో చదువుచు ఆటలాడు యువకుడు గాని యువతి గాని తన పేరునకు వచ్చు ప్రకటనల సొమ్ము పుచ్చుకొనవచ్చునా?

ఈ వివాదము తీవ్రముగా నడచిన దేశము అమెరికా. అచ్చట విశ్వవిద్యాలయముల ఆటలే పెద్ద వ్యాపారము. వేల మంది పట్టు క్రీడాంగణములు, టెలివిజను హక్కులు, శిక్షకులకు భారీ జీతములు కలవు. ఆటగానికి మాత్రము విద్యార్థి వేతనమే. 1906లో ఏర్పడిన జాతీయ కళాశాలల క్రీడాసంఘము అంతకుమించి ఒక డాలరు పుచ్చుకొన్నను అతనికి ఆట నిషేధించుచుండెను. అట్టి నియమముల కాఠిన్యమునకు పాత ఉదాహరణము జిమ్ థార్పు. అమెరికా ఆదివాసి తెగకు చెందిన ఈ విద్యార్థి 1912 స్టాక్‌హోము ఒలింపిక్సులో రెండు స్వర్ణ పతకములు గెలిచెను. అంతకుముందు వేసవులలో బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి కూలి పుచ్చుకొన్నాడని మరుసటి యేడు వానిని లాగుకొనిరి. ఆ తీర్పును సవరించుటకు 1982 వరకు పట్టినది. థార్పు 1953లోనే మరణించెను.

2009లో ఎడ్ ఒబానన్ అను బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు, తన కళాశాల దినముల రూపము ఒక వీడియో ఆటలో అమ్ముడగుచున్నదనియు, తనకు పైసయైనను రాలేదనియు న్యాయస్థానమునకు ఎక్కెను. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము విద్యార్థి క్రీడాకారులు తమ పేరు, రూపములపై సంపాదించుకొనవచ్చునని చట్టము చేసినది. 2021 జూన్ 21న సుప్రీం కోర్టు వేరొక వ్యాజ్యములో, చదువునకు సంబంధించిన సౌకర్యములపై ఆ సంఘము విధించిన పరిమితులు చెల్లవని ఏకగ్రీవముగా తీర్పునిచ్చినది. పది దినములలో, అనగా జూలై 1 నాటికి, సంఘము ప్రకటనల సొమ్ముపై నిషేధమును సడలించినది. 2025లో కుదిరిన న్యాయపరిష్కారముతో కళాశాలలే నేరుగా ఆటగాండ్రకు చెల్లించు ఏర్పాటు వచ్చినది. మన తెలుగు విద్యార్థులు అచ్చటకు అనేకులు వెళ్ళుచున్నారు గనుక ఒక మాట. విద్యార్థి వీసాపై ఉన్నవారి సంపాదనకు కఠినమైన హద్దులున్నవి. తోటి ఆటగానికి తగిన ఒప్పందమే వీరి వీసాకు ముప్పు తేగలదు.

ఇక మన సంగతి. అమెరికా సంఘము విధించినట్టి సర్వవ్యాప్తమైన నిషేధము మనకు లేదు. మన చిక్కు వేరు. అచ్చట సొమ్ము ఉండియు ఆటగానికి ఈయలేదు. ఇచ్చట పెక్కు ఆటలలో సొమ్మే లేదు. 1987లో గుడివాడలో జన్మించిన కోనేరు హంపిగారు 2002లో, 15 ఏండ్ల ప్రాయమున, చదరంగములో గ్రాండు మాస్టరయిరి. 2019లోను 2024లోను ప్రపంచ రాపిడ్ విజేతలయిరి. వారికి తొలినాళ్ళలో అండయైనది తండ్రి ఉద్యోగము విడిచి ఇచ్చిన శిక్షణ, తరువాత ఓ.ఎన్.జి.సి. ఉద్యోగము. దివిసీమలో నాగాయలంక వద్ద కృష్ణపాయలో పడవ పందెములు అభ్యసించు బాలబాలికలున్నారు. వారిని వెదకికొని ఏ సబ్బుల కంపెనీ అంత దూరము వచ్చును?

ప్రకటనల సొమ్ము నైపుణ్యమును చూచి రాదు. జనము చూచు ముఖమును చూచి వచ్చును. ఒకే జట్టులో ఒకనికి లక్షలు, వానికి బంతి అందించినవానికి శూన్యము కావచ్చును. చదువు చెడుననియు, జట్టులో ఈర్ష్య పుట్టుననియు పెద్దలు చెప్పు మాట కొట్టివేయదగినది కాదు. ఐనను నిషేధము దానికి మందు కాదు. పాటకచ్చేరీ చేసి సంభావన పుచ్చుకొన్న విద్యార్థిని మనము తప్పు పట్టము. పరుగు పందెగానికి మాత్రము వేరు ధర్మమేల? కడుపు నింపనివానికి కట్టడి చేయు హక్కు లేదు.

కాని అనుమతించుటతో పెద్దల పని తీరదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివాడు చేసికొన్న ఒప్పందము చెల్లదు. ఇంటర్మీడియేటు విద్యార్థులలో పెక్కుమంది ఆ వయస్సు లోపలివారే. కావున తల్లిదండ్రులు కాగితము పూర్తిగా చదివించుకొని, ఎన్నేండ్లకు, ఏ వస్తువునకు, ఎంత సొమ్మునకు పేరు అమ్ముచున్నారో తెలిసికొనవలెను. పేరుతోపాటు పూచీ కూడ పోవును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, తప్పుదారి పట్టించు ప్రకటనలో పాల్గొన్నవారికి 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. కొంతకాలము ప్రకటనలలో పాల్గొనరాదని ఆజ్ఞాపింపవచ్చును. ముందుగా తగిన విచారణ చేసినవారికే మినహాయింపు. పందెపు సొమ్ముతో ఆడు ఆన్‌లైను ఆటల ప్రకటనలను 2025లో పార్లమెంటు చేసిన చట్టము నిషేధించినది.

చట్టము పట్టనిచోట మనస్సాక్షి పట్టవలెను. 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటను గెలిచిన పుల్లెల గోపీచంద్‌గారు శీతలపానీయపు ప్రకటనకు వచ్చిన పిలుపును, అది ఆరోగ్యమునకు మేలు కాదని, త్రోసిపుచ్చిరి. కాదనుటకు కూడ స్వేచ్ఛ ఉన్నప్పుడే ఆ త్యాగమునకు విలువ. నిషేధము క్రింద ఉన్నవాడు దేనిని త్యజించినట్లు?

కళాశాలలకు మిగిలిన ధర్మము రెండు విధములు. ఆటగాడు సంపాదించినదానిలో వాటా అడుగరాదు. వానికి సంపాదన ఉన్నదిగదా యని తక్కిన పదిమందికి భోజనము, బూట్లు, శిక్షకుని జీతము తగ్గింపరాదు. ఖేలో ఇండియా పథకము ఎంపికైన ఒక్కొక్క క్రీడాకారునికి సంవత్సరమునకు 6.28 లక్షల రూపాయలు కేటాయించి, అందు 1.20 లక్షలు చేతిఖర్చునకు ఏర్పరచినది. నాగాయలంక పడవలోని పిల్లకు ఇట్టి ఆసరా కావలెను. బొమ్మ గోడకెక్కిన ఒక్కనికి ప్రకటన చాలును. బొమ్మ లేని తొమ్మండుగురికి చాలవలసినది మన కళాశాలల పద్దు.