మోటారు సైకిలు లైసెన్సు పరీక్ష

పాతబస్తీలో చార్మినారు, పత్తర్‌గట్టి, శాలిబండ వీథులయందు పాదచారులును, తోపుడుబండ్లును, మోటారు సైకిళ్లును ఒక్క త్రోవనే పోవుచుండును. అట్టిచోట బండి నడుప గోరువాడు ముందుగా నియమములను నేర్వవలెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి గేర్లుగల మోటారు సైకిలునకు 18 సంవత్సరములు నిండియుండవలెను.

అభ్యాసకుల లైసెన్సు పరీక్షయందు నూటికి 60 పాళ్ల ప్రశ్నలకైన సరియైన యుత్తరముల నీయవలెను. మార్గచిహ్నములు, ప్రమాద సమయమున చోదకుని విధులు, కావలిలేని రైలుగేటు దాటు విధము, వెంటనుంచుకొనవలసిన పత్రములు ఇందు ముఖ్యములు.

చిహ్నములను వల్లించుటకంటె వాని యాకారముల నెరుగుట మేలు. వలయము ఆజ్ఞను, త్రికోణము హెచ్చరికను, దీర్ఘచతురస్రము సమాచారమును దెలుపును. అయినను తలక్రిందులైన త్రికోణము దారి విడువుమను ఆజ్ఞ. ఎనిమిది కోణములది ఆగుమను ఆజ్ఞ. ఇచ్చటనే పలువురు పొరపడుదురు.

ప్రమాదము జరిగినచో గాయపడినవారికి వైద్యసహాయము చేకూర్చుట చోదకుని ధర్మము మాత్రమే గాదు, చట్టవిధి.

అభ్యాసకుల లైసెన్సు 6 మాసములు చెల్లును. అది పొందిన 30 దినములకు పిమ్మట బండి నడుపు పరీక్షకు పోవచ్చును. అంతవఱకు బండికి ఎఱ్ఱని 'ఎల్' అక్షరము, తలకు హెల్మెట్టు ఉండవలెను. శిక్షకుని దప్ప నితరుల నెక్కించుకొనరాదు.

తలిదండ్రులకొక మనవి. 2019 సవరణ ప్రకారము, బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి 3 సంవత్సరముల వఱకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును. బాలునికి 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు దొరకదు. కావున ముద్దుచేసి తాళపుచెవి చేతికీయకుడు. పరీక్ష తప్పినవాడు మరల వ్రాయవచ్చును. వీథిలో పోయిన ప్రాణము మరల రాదు.