వారం రోజుల ఆటుపోట్ల పాఠం
అండమాన్‌లోని అబర్డీన్ బజార్‌కు దగ్గర్లోనే జెట్టీ ఉంది. ప్రాథమిక తరగతి పిల్లలకు అదే ప్రయోగశాల కాగలదు. టీచరు వెంట ఉండగా, వారంపాటు రోజూ ఒకే వేళకు జెట్టీ స్తంభంపై నీటిమట్టం చూసి రాసుకుంటే చాలు. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతున్నందున పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారం తిరిగేసరికి, పోటు ఉన్న వేళకే ఆటు కనిపిస్తుంది.

ఈ లెక్క తెలిసిన పిల్లలు, వేళకాని వేళ సముద్రం వెనక్కి తగ్గితే ప్రమాదాన్ని పసిగడతారు. 2004 డిసెంబరు 26న అండమాన్‌ను ముంచెత్తిన సునామీ థాయ్‌లాండ్‌నూ తాకింది. అక్కడ పదేళ్ల టిల్లీ స్మిత్, బడిలో నేర్చుకున్న పాఠం గుర్తొచ్చి, తీరంలోని వారిని హెచ్చరించింది.

అయితే ప్రతి సునామీకీ ముందు నీరు వెనక్కి పోదు. తీరంలో భూమి గట్టిగా కంపించినా వెంటనే ఎత్తైన చోటుకు వెళ్లాలి.