సైనస్ నొప్పికి ఆ మూడు గోలీలేనా?

శంషాబాద్‌లో ఉండే మా వదినగారికి సర్ది చేసి అయిదో రోజు. ఇంకో నాలుగు రోజుల్లో కూతురి పురిటికి దుబాయ్ ప్రయాణం. ముక్కు దిబ్బడ, బుగ్గల్లో పోటు, వంగితే నుదురు పగిలిపోతున్నంత నొప్పి. పైగా చీమిడి పచ్చగా వస్తోందట.

"మెడికల్ షాపుల అడిగితే అజిత్రోమైసిన్ మూడు గోలీలు ఇచ్చిండు. పోయినసారి గవ్వే తగ్గించినయ్" అని ఫోన్ చేశారు. పోయినసారి గోలీలతో తగ్గిందో, రోజులు గడిచి తగ్గిందో ఎవరు చెప్పగలరు? బతిమాలి డాక్టరు దగ్గరికి పంపాను.

సైనస్‌లంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులు. జలుబు చేసినప్పుడు వాటి దారులు వాచి మూసుకుపోతాయి. ఇది చాలావరకు వైరస్ పనే. యాంటీబయాటిక్ వైరస్ జోలికి పోదు. చీమిడి రంగు మారినంత మాత్రాన బాక్టీరియా చేరిందని కాదు. పెద్దవాళ్ళలో నూటికి ఒకటో రెండో జలుబులే అంతదాకా వెళతాయి.

2012లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని సెయింట్ లూయిస్ డాక్టర్లు సైనస్‌తో వచ్చిన 166 మందిలో కొందరికి అమాక్సిసిలిన్, మిగిలినవారికి మందు లేని ఉత్తి మాత్రలు ఇచ్చి చూశారు. మూడో రోజున తేడా లేదు. ఏడో రోజున మందు వాడినవారికి కాస్త మెరుగు. పదో రోజుకి మందు వాడినవారిలో 78 శాతం, ఉత్తి మాత్రలవారిలో 80 శాతం మంది తగ్గిందన్నారు!

మరి యాంటీబయాటిక్ ఎప్పుడు? పది రోజులైనా తగ్గకపోతే, 102 డిగ్రీల జ్వరం, చీము, ముఖం నొప్పి మూడు నాలుగు రోజులు వదలకపోతే, తగ్గినట్టే తగ్గి తిరగబెడితే. అప్పుడు కూడా డాక్టర్లు ముందు చూసేది పాత అమాక్సిసిలిన్ వైపే, లేదా దానికి క్లావులానిక్ యాసిడ్ కలిపిన మాత్ర వైపు. రెండోదానితో విరేచనాలు కాస్త ఎక్కువ. పెన్సిలిన్ పడనివాళ్ళకు డాక్సీసైక్లిన్ ఇస్తారు గాని, గర్భిణులకు పనికిరాదు. మూడు రోజుల్లో అయిపోతుందని మనందరికీ ముద్దొచ్చే అజిత్రోమైసిన్‌కు ఈ బాక్టీరియా చాలాచోట్ల అలవాటు పడిపోయింది. అందుకే సైనస్‌కు అది మొదటి మందు కాదు. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా కొనకండి.

కన్ను వాచినా, చూపు రెండుగా కనిపించినా, మెడ బిగుసుకున్నా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వదినగారికి డాక్టరు పారాసిటమాల్ రాసి, ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోమన్నారు. పావు లీటరు నీళ్ళు బాగా మరిగించి, గోరువెచ్చగా చల్లార్చి, పావు టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. పచ్చి కుళాయి నీళ్ళు మాత్రం వద్దు. విమానం దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి, మూసుకున్న సైనస్‌లు పోటెత్తుతాయి. అందుకని దిగడానికి ముందు వేసుకోమని ముక్కు చుక్కలు కూడా ఇచ్చారట. వాటిని మూడు నాలుగు రోజులు మించి వాడితే దిబ్బడ మళ్ళీ మొదలు. బి.పి. ఉన్నవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి.

తొమ్మిదో రోజున ఆవిడ విమానం ఎక్కారు. దిగేటప్పుడు నుదురు కాస్త లాగిందట, చాక్లెట్ చప్పరిస్తూ కూర్చున్నారట. మూడు గోలీలూ షాపువాడు వాపసు తీసుకోలేదని మాత్రం దుబాయ్ నుంచి కూడా సణుగుతూనే ఉన్నారు.