పరీక్షా ఫైళ్ళకు పరీక్ష

పరీక్ష అనగానే విద్యార్థులమైన మనకు ప్రశ్నపత్రము, గోడగడియారము, పర్యవేక్షకుని అడుగుల చప్పుడు గుర్తుకు వస్తాయి. కంప్యూటరు ప్రోగ్రాములకు కూడ పరీక్షలు ఉన్నవి. ఆ పరీక్షలకు కావలసిన మాదిరి ఫైళ్ళను ప్రోగ్రాము మూలరచనతో పాటు ఒకేచోట భద్రపరుస్తారు. ఉర్దూ, తెలుగు రెండింటిని చూపవలసిన ప్రోగ్రామయితే, కుడినుండి ఎడమకు నడిచే పంక్తి ఒకటి, ఎడమనుండి కుడికి నడిచేది ఒకటి, రెండూ కలసినది ఒకటి అందులో ఉండవలెను. మంచి ఫైళ్ళతోనే పని తీరదు. చెడిన ఫైళ్ళు కూడ కావలెను. చెడిన ఫైలును చేతికిచ్చినపుడు ప్రోగ్రాము కుప్పకూలక, ఇది చెడినదని చెప్పి తిరస్కరించవలెను గదా!

ఈ చెడిన ఫైళ్ళ చాటుననే 2024లో ఒక పెద్ద మోసము జరిగినది.

లైనక్సు యంత్రములలో ఫైళ్ళను కుదించుటకు ఎక్స్‌జెడ్ యుటిల్స్ అను ఉచిత సాధనము కలదు. దాని పరీక్షా ఫైళ్ళ పేర్లు కొన్ని 'గుడ్' అని, కొన్ని 'బ్యాడ్' అని మొదలవుతాయి. వాటిలో అనేకము చేతితో ఒక్కొక్క బైటు దిద్ది చేసినవి. అందువలన వాటిని చదివి అర్థము చేసికొనుట సామాన్యులకు సాధ్యము కాదు. జియా టాన్ అను పేరుతో (అది మారుపేరేనని తజ్ఞుల నమ్మిక) ఒక వ్యక్తి రెండేళ్ళకు పైగా ఓపికగా ఆ సాధనమునకు సేవ చేసి, నిర్వాహకుని విశ్వాసము సంపాదించి, 2024 ఫిబ్రవరిలో రెండు కొత్త పరీక్షా ఫైళ్ళను చేర్చినాడు. ఒకటి మంచిదట, ఒకటి చెడినదట! నిజమునకు ఆ రెంటిలోను దొంగ ప్రోగ్రాము దాగియున్నది. 5.6.0, 5.6.1 సంచికలను యంత్రముపై నిర్మించునపుడు అది బయటికి వచ్చి, దూరమునుండి యంత్రములోనికి ప్రవేశింపజేయు ఎస్‌ఎస్‌హెచ్ సేవకు దొంగ ద్వారము ఏర్పరచును. తాళపుచెవి ఆ వ్యక్తి వద్దనే ఉండును.

దీనిని పట్టినవారు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు. ఆయన వెదకుచున్నది దొంగను కాదు. 0.3 సెకనులో ముగియవలసిన పని 0.8 సెకను పట్టుట ఆయనకు నచ్చలేదు, అంతే. ఆ అర సెకను వెంటపడి పోయి, 2024 మార్చి 29న లోకమునకు వెల్లడించినారు. అప్పటికి ఆ సంచికలు డెబియన్, ఫెడోరాలలో ప్రయోగదశ రూపములలోనికే చేరియుండుట మన అదృష్టము.

మరి ఇట్టి ఫైళ్ళను తనిఖీ చేయుట ఎట్లు? ముందుగా జాబితా కావలెను. గిట్ వాడువారికి అది ఒక్క ఆజ్ఞతో లభించును. అయితే 'టెస్ట్స్' అను అరలో మాత్రమే వెదికి ఊరకుండరాదు. ఫైలు పేరు చివరి అక్షరములను నమ్మరాదు. 'ఫైల్' అను ఆజ్ఞ పేరును గాక లోపలి బైట్లను చూచి జాతిని చెప్పును. పరిమాణమును బట్టి వరుసలో పెట్టినచో అనుమానింపదగినవి పైకి తేలును. పిదప ఏ ఫైలును ఏ పరీక్ష చదువుచున్నదో గ్రెప్‌తో చూడవలెను. ఇక్కడ ఒక చిక్కు: కొన్ని పరీక్షలు ఫైలును పేరుపెట్టి పిలువవు, 'బ్యాడ్' అని మొదలగువాని నన్నిటిని ఒక్కసారిగా చదువును. కనుక పేరు దొరకనంత మాత్రమున ఫైలు అనాథ కాదు. పరీక్షలో నెగ్గినంత మాత్రమున నిర్దోషియు కాదు. చెడిన ఫైలు నెగ్గుట అనగా తిరస్కరింపబడుటయే. దాని కడుపులో ఏమున్నదో పరీక్ష అడుగదు. ఎవరు, ఎన్నడు, ఎట్లు తయారుచేసి పెట్టినారో అడుగవలసినది మనమే. పంపిణీ చేసిన కట్టను మూలసంచయముతో పోల్చుట మరువరాదు. పై ఉదంతములో దొంగను మేల్కొలుపు పంక్తులు పంపిణీ కట్టలో మాత్రమే ఉన్నవి, గిట్‌లో లేవు.

ఇంత చెప్పిన మేము కూడ ఒక తప్పు చేసినాము. గ్రంథాలయపు పద్దుకై వ్రాసిన చిన్న ప్రోగ్రామును ఈ విధముగా తనిఖీ చేయగా, పరీక్షా ఫైలుగా మేమే పెట్టినది అసలు సభ్యుల జాబితా అని తేలినది. పేర్లు, పుట్టిన తేదీలు, ఫోను నెంబర్లు అన్నీ అందులో ఉన్నవి. సౌకర్యముగా ఉన్నదని నకలు చేసికొన్నాము. వ్యక్తిగత వివరముల రక్షణకై పార్లమెంటు 2023లో చట్టమే చేసినది. మాకది తోచనే లేదు. తొలగించితిమి గదా అనుకొన్నాము. కాని గిట్ పాత ప్రతులన్నిటిని దాచియుంచును. నేడు తొలగించిన ఫైలు నిన్నటి ప్రతిలో చెక్కుచెదరక ఉండును. చరిత్రనే తిరిగి వ్రాసి, తోటివారి యంత్రములలోని నకళ్ళను కూడ తీసివేయించవలసి వచ్చినది.

దాని స్థానములో ఇరువది కల్పిత నామములతో కొత్త జాబితా కూర్చినాము. సగము ఉర్దూ లిపిలో, సగము తెలుగు లిపిలో వ్రాసినాము. మొదటి దినముననే ఉర్దూ పేరు ప్రక్కనున్న సభ్యత్వ సంఖ్య తారుమారై ముద్రితమైనది. అసలు జాబితాలో అందరి పేర్లు ఆంగ్ల లిపిలోనే ఉండుటచే ఈ దోషము ఇంతకాలము మా కంట పడలేదు.