తొండ బెదరని దూరం

హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే 44వ జాతీయ రహదారి పక్కన ఉంటుంది కొత్తకోట. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. ఊరు దాటితే ఎర్ర చెల్కలు, తుమ్మ చెట్లు, బండల గుట్టలు. అడవి జీవుల ఫొటోలు తీయాలని కొత్తగా కెమెరా పట్టిన పాలమూరు యువకులు చాలామంది పులి కోసం, చిరుత కోసం అమ్రాబాద్ అడవి వైపు చూస్తారు. తొలి పాఠానికి అంత దూరం పోవలసిన పని లేదు. గుట్ట మీద ఎండ కాగే తొండ కంటే ఓపికగా నేర్పే గురువు దొరకడు. అది నేర్పే మొదటి సంగతి ఒక్కటే: జీవిని బెదరగొట్టకూడదన్నది దయాగుణానికి సంబంధించిన మాటగానే మనం వింటుంటాం, కానీ ఫొటో నాణ్యత కూడా దాని మీదే నిలబడి ఉంది. బెదిరిన తొండ ఫొటోలో ఆ తొండ అసలు రూపం ఉండదు.

మన చుట్టూ ఉన్న జాతులను ముందుగా విడివిడిగా గుర్తుపట్టాలి. కంచెల మీద, చెట్ల బోదెల మీద కనిపించేది మామూలు తోట తొండ. బండల మీద తల పైకెత్తి కూర్చునేది రాతి తొండ. దాని ఒళ్లు బల్లపరుపుగా ఉంటుంది, రాతి పగుళ్లలోకి ఇట్టే దూరిపోతుంది. బీడు నేలల్లో సన్నని తొండ ఒకటి తిరుగుతుంది. జత కట్టే కాలంలో మగది గొంతు కింది తోలును విసనకర్రలా విప్పి చూపిస్తుంది. ఆకుల చెత్తలో జారిపోయే నున్నని నలికండ్ల పాము నిజానికి పాము కాదు, బల్లి జాతిది. దానికి విషం ఉందన్న భయంతో జనం కనిపించగానే కొడతారు గానీ, అందులో విషం లేదు. పొదల్లో ఊసరవెల్లి, పుట్టల దగ్గర ఉడుము, రాత్రి దీపాల కింద బల్లులు సరేసరి. తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని సామెత ఉన్నా ఇవి వేర్వేరు కుటుంబాల జీవులు. ఒక్కోదాని నివాసం, వేళ, నడక వేరు కాబట్టి ఫొటో తీసే తీరు కూడా వేరే.

జీవిని బెదరగొట్టకూడదనడానికి మొదటి ఆధారం రంగు. రాతి తొండ మగది వేసవి నుంచి వానల దాకా రంగులు తొడుగుతుంది. ఆ రంగు ఒక్కతీరుగా ఉండదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన అనురాధ బటబ్యాల్, మారియా ఠాకర్ దక్షిణ భారత రాతి తొండల మీద చేసిన పరిశోధన 2017లో వెలువడింది. దాని ప్రకారం, ఆడదాన్ని ఆకట్టుకునేటప్పుడు మగదాని వీపు ఎర్రగా, పక్కలు నల్లగా మారతాయి. మరో మగదానితో తలపడేటప్పుడు వీపు పసుపుగా, పక్కలు నారింజ రంగులోకి వస్తాయి. అంటే రంగే దాని భాష. ఊసరవెల్లి కూడా అంతే, బెదిరినప్పుడో కోపం వచ్చినప్పుడో దాని ఒంటి రంగు మారిపోతుంది. మనం దగ్గరికి ఉరికి తీసిన ఫొటోలో కనిపించేది ఆ జీవి సహజమైన రంగు కాకపోవచ్చు, మన రాకకు అది ఇచ్చిన జవాబు కావచ్చు. చూసేవారు మాత్రం అదే దాని రూపం అనుకుంటారు. ఎంత స్పష్టంగా ఉన్నా ఆ ఫొటో తప్పుడు సాక్ష్యమే.

రెండో ఆధారం వేడి. తొండకు ఒంటి వేడి ఎండ నుంచే రావాలి. పొద్దున చల్లటి ఒంటితో బండ ఎక్కి, సూర్యుడికి అడ్డంగా ఒళ్లు పరుచుకుంటుంది. ఒళ్లు కాగాకే వేట, కయ్యం, జత. ఆ వేళ దాన్ని ఒకసారి పగుల్లోకి తరిమితే కూడబెట్టుకున్న వేడి, గడించిన సమయం రెండూ పోతాయి. బల్లులకు, నలికండ్ల పాములకు నష్టం ఇంకా పెద్దది. వెంటపడి పట్టుకోబోతే తోకను వదిలేస్తాయి. తోక మళ్లీ మొలుస్తుంది గానీ అందులో దాచుకున్న కొవ్వు పోతుంది, కొత్త తోకకు మళ్లీ తిండి కావాలి. పైగా ఈ జీవులు అనుభవం నుంచి నేర్చుకుంటాయి. ఏ దాపు క్షేమమో రాతి తొండలు నేర్చుకుంటాయనీ, పల్లె తొండల కంటే నగర శివారు తొండలు త్వరగా నేర్చుకుంటాయనీ బటబ్యాల్, ఠాకర్‌లే 2019లో చూపించారు. నేర్చుకునే జీవిని ఈ రోజు తరిమితే రేపు అది మనల్ని దగ్గరికి రానివ్వకపోవచ్చు.

ఆచరణలో మెలకువలన్నీ బెదరగొట్టకూడదన్న ఈ నియమం నుంచే పుడతాయి. ఎండ ఏటవాలుగా పడే పొద్దుటి గంటలు మేలు, అప్పుడు తొండ కదలక కూర్చుంటుంది, వెలుగూ మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో బండ కాలిపోతుంది, తొండ నీడకు చేరుతుంది, ఫొటోలో నీడలు నల్లగా గడ్డకడతాయి. దాని వైపు నేరుగా నడవకుండా పక్కగా, ఆగి ఆగి పోవాలి. మన నీడ దాని మీద పడకూడదు. తల ఆడించడం మానేసి ఒళ్లు నేలకు అదిమిందంటే అక్కడే ఆగాలి, లేదా రెండడుగులు వెనక్కి వేయాలి. దాని కంటి ఎత్తుకు మనమూ వంగితే ఆ జీవి ముఖం కనిపిస్తుంది, నిలబడి తీస్తే వీపు మాత్రమే వస్తుంది. ఫోకస్ కంటి మీద ఉండాలి. షట్టర్ సెకనులో 500వ వంతు దగ్గర పెడితే తల ఊపినా చెదరదు. అపర్చర్ ఎఫ్8 దగ్గర ఉంచితే ముక్కు నుంచి భుజం దాకా స్పష్టంగా వస్తుంది. జాతిని గుర్తించడానికి పక్క నుంచి ఒళ్లంతా కనిపించే ఫొటో ఒకటి తప్పనిసరి. చెవి పైన ముళ్లు, వీపు పొలుసుల వరుస అందులోనే తెలుస్తాయి.

దూరం నుంచి తీయాలంటే లక్షల రూపాయల లెన్సులు కావాలి కదా అని అడగవచ్చు. 300 మిల్లీమీటర్ల దాకా సాగే సాధారణ జూమ్ ఉంటే తొండకు చాలు. అదీ లేనివారు ఫోన్‌తోనే తొండను దాని బండతో, గుట్టతో, ఆకాశంతో కలిపి తీయవచ్చు. ఆ జీవి ఎక్కడ ఎలా బతుకుతుందో అలాంటి ఫొటోయే ఎక్కువ చెబుతుంది. చేతిలో పట్టుకుంటేనో, ఫ్రిజ్‌లో పెట్టి మందగింపజేస్తేనో వివరాలు బాగా వస్తాయని కొందరి వాదన. పొలుసులు లెక్కపెట్టే శాస్త్రవేత్తకు ఆ అవసరం ఉంటుంది, దానికి తగిన శిక్షణ, అనుమతి కూడా ఉంటాయి. నేర్చుకునేవారికి అవసరమైనది జీవి ప్రవర్తన, చలికి బిగుసుకుపోయిన దేహంలో అది ఉండదు. తొండ ఫొటో ఎవరు చూస్తారన్న ప్రశ్న మాత్రం బరువైనదే. పులిని చూసే కళ్లు తొండ మీద నిలవవు. అయితే పులి లెక్కకు కెమెరా ట్రాప్‌లు, అటవీ సిబ్బంది ఉన్నారు. కొత్తకోట గుట్టల మీది తొండల లెక్క రాసేవారు ఎవరు?

ఈ నేలల్ని బంజరు అని కొట్టిపారేయడం మనకు అలవాటు. దేశంలోని బంజరు భూములకు 2000 నుంచి అధికారికంగా అట్లాసులే వెలువడుతున్నాయి. వాటిలో రాతి గుట్టలకు, పొదల నేలలకు కూడా చోటుంది. పంట పండని చోట ఏమీ లేదనుకుంటే గుట్టను క్వారీకి ఇవ్వడం తేలికవుతుంది. తేదీ, ఊరు రాసి పెట్టిన ఒక్కో ఫొటో ఆ అపోహకు జవాబు. ఐనాచురలిస్ట్ లాంటి ఆన్‌లైన్ వేదికలో పెడితే జాతిని నిపుణులు సరిచూస్తారు, రికార్డు నిలుస్తుంది. ఉడుము విషయంలో మాత్రం కచ్చితమైన చోటు బయటపెట్టవద్దు. మాంసానికే కాక, దాని మర్మాంగాలను ‘హత్తా జోడీ’ అనే మొక్క వేరుగా నమ్మించి అమ్మేందుకు కూడా వేటాడతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది, చంపితే కనీసం 3 ఏళ్ల జైలు. అభయారణ్యంలో ఫొటోలకు అటవీ శాఖ అనుమతి, చెల్కలో రైతు అనుమతి తీసుకోవాలి.

కెమెరా కొత్తగా కొన్నవారికి చెప్పేది ఇదే. ఈ వేసవిలో మీ ఊరి గుట్ట ఒకటి ఎంచుకోండి. పొద్దున్నే వెళ్లి, తొండ తల ఊపడం ఆపని దూరంలో కూర్చోండి. ఫొటో రాని రోజున కూడా అక్కడ చూసినదాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి. మీరు లేచి వచ్చేటప్పటికి తొండ ఇంకా ఆ బండ మీదే ఉంటే, ఆ రోజు పాఠం మీకు వచ్చినట్టే.