నల్ల ఇసుక నుంచి నడిసముద్రం దాకా

కళింగపట్నం, భావనపాడు తీరాల్లో కనిపించే నల్లని ఇసుక చారలు కొండల నుంచి కొట్టుకొచ్చినవే. తూర్పు కనుమల్లోని ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లు ఎండకూ వానకూ చివికి నాగావళి, వంశధారల వెంట దిగుతాయి. తేలికపాటి ఇసుకను అలలు లాక్కుపోతాయి. బరువైన ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, మోనజైట్ ఒడ్డున పేరుకుంటాయి. సముద్ర భూగర్భశాస్త్రం చదివే ఉత్తరాంధ్ర విద్యార్థికి మొదటి పాఠం ఇక్కడే.

తెచ్చిన ఇసుకను కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టి బ్రోమోఫాం ద్రవంలో పోస్తారు. దాని సాంద్రత సుమారు 2.89. అందువల్ల 2.65 ఉన్న క్వార్ట్జ్ పైకి తేలుతుంది, బరువు ఖనిజాలు అడుగుకు చేరతాయి. ఆవిరి విషపూరితం కాబట్టి గాలిని బయటికి లాగే ఏర్పాటు తప్పనిసరి. ఆ తర్వాత మైక్రోస్కోపు కింద ఒక్కో రేణువునూ గుర్తుపట్టి లెక్కపెట్టాలి. సిల్లిమనైట్ సూదిలా, గార్నెట్ లేత గులాబిగా కనిపిస్తాయి. తెలివి కన్నా ఓపిక ఎక్కువ కావలసిన పని ఇది.

ఈ శాస్త్రంలో విదేశీ శిక్షణ అనగానే మనవాళ్లు విమానం ఎక్కడమే గుర్తొస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మాత్రం గురువే ఇటు వచ్చాడు. భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్ ఉన్న కాలంలో, 1952లో, అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ అతిథి ఆచార్యుడిగా విశాఖ చేరాడు. తూర్పు తీరం వాలులోని మూడు జలాంతర లోయల గురించి ఆయన 1964లో రాసిన పత్రంలో వాటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ.

విజయనగరం జిల్లాకు నడిసముద్రంతో ఉన్న బంధం మాంగనీసు. దేశంలో ఆ ఖనిజం తవ్వకాలు 1890ల ఆరంభంలో కోడూరులోనే మొదలయ్యాయి. అదే లోహం నాలుగైదు కిలోమీటర్ల లోతున, సముద్రం అడుగున బంగాళాదుంపలంతేసి ఉండల్లో నికెల్, రాగి, కోబాల్ట్‌లతో కలిసి దొరుకుతుంది. ఉండ కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికే పది లక్షల ఏళ్లు పడుతుంది. మధ్య హిందూ మహాసముద్రంలో వీటిని అన్వేషించేందుకు జమైకాలోని అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో భారత్ 2002లో ఒప్పందం చేసుకుంది. ఆ ప్రాంతం 75,000 చదరపు కిలోమీటర్లు.

ఇలాంటి ఒప్పందాల్లో ఒక షరతు ఉంటుంది: అన్వేషించే దేశమో కంపెనీయో వర్ధమాన దేశాల యువ శాస్త్రవేత్తలకు తన ఖర్చుతో శిక్షణ ఇవ్వాలి. భారత్ కూడా ఒప్పందదారే కనుక నేర్పే బాధ్యత దానికీ ఉంది. ఓడ మీద శిక్షణలో ధ్వని తరంగాలతో అడుగు పటం గీయడం, బురదను పెట్టెలా కోసి పైకి తీయడం, రాత్రీ పగలూ వంతుల వారీగా రీడింగులు రాయడం ఉంటాయి. వాణిజ్య తవ్వకాల నిబంధనలు ఇంకా చర్చల్లోనే ఉన్నందున, తవ్వే విద్య కన్నా ముందు అక్కడి జీవజాలాన్ని నమోదు చేయడం, రేగే బురద ఎంత దూరం పోతుందో అంచనా కట్టడం నేర్పుతున్నారు.