ఎనిమిదిమందిలో ఒకడు పడిపోతే..!

సినిమా పేరు చెప్పను. అడగొద్దు! నిర్మాతగారికి మాటిచ్చాను.

ఓ శుక్రవారం రాత్రి పదింటికి ఎడిటరుగారిని ఇంటర్వ్యూ చేద్దామని హైదరాబాదులో ఆయన ఎడిటింగ్ రూముకి వెళ్ళాను. కాఫీ రాలేదు సరికదా, ఎవరూ నావంక చూడనైనా లేదు. అందరి కళ్ళూ మూలనున్న పెట్టెమీదే! అందులో ఎనిమిది డిస్కులు. మూడోదాని ముందు ఎర్రలైటు.

"ఏం పోయింది సార్?" అన్నాను.

"ఇంకా ఏమీ పోలేదు. పోకుండా చూడాలి" అన్నారాయన.

నాలుగురోజులు తీసిన వానసీను రషెస్ అందులోనే వున్నాయిట. టేపుమీదికి కాపీ ‘రేపు చేద్దాం’ అనుకున్నారు. కెమెరా కార్డులు చెరిపేసి మళ్ళీ వాడేశారు. సెట్టు విప్పేశారు. హీరోయిన్ మరో సినిమా కోసం జుట్టు కత్తిరించుకుంది!

మరి ఒక డిస్కు చచ్చినా సీను ఎలా బతికింది? ఏడు అంకెలు వేసి, ఎనిమిదోచోట వాటి మొత్తం రాసుకోండి. ఏ ఒక్కటి చెరిగినా మిగతావాటితో లెక్కకట్టి రాబట్టొచ్చు. రెండు చెరిగితే దేవుడే దిక్కు. ఆ ‘మొత్తాన్ని’ అన్ని డిస్కుల్లోనూ వంతులవారీగా సర్దుతారు. అదే రెయిడ్-5. (రెయిడ్ అనగానే ఇన్‌కంటాక్స్ వాళ్ళు గుర్తొచ్చారా? నాకూ అంతే!) 1988లో అమెరికాలోని బర్క్లీలో పాటర్సన్, గిబ్సన్, కట్జ్ అనే ముగ్గురు రాసిన పరిశోధనా వ్యాసంతో ఆ పేరు ప్రచారంలోకొచ్చింది. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కు బదులు చవకైన చిన్నవాటిని జట్టుకట్టించడం వాళ్ళ ఆలోచన. పెద్ద హీరో డేట్లు దొరక్క కొత్తవాళ్ళతో సినిమా తీసినట్టన్నమాట!

పదకొండింటికి మెకానిక్ కుర్రాడొచ్చాడు. అసిస్టెంటు అప్పటికే స్పేర్ డిస్కు చేతిలో పట్టుకుని రెడీగా వున్నాడు.

"ఆగన్నా! అది పెట్టగానే మిగతా ఏడింటినీ మొదట్నుంచి చివరిదాకా చదవడం మొదలెడుతుంది. అన్నీ ఒకేరోజు కొన్నవేగా? ఇంకోటి కూలబడితే?"

ముందు డిస్కులన్నిటికీ నెంబర్లు అంటించాడు. తర్వాత వానసీను మాత్రం విడిగా మరో డిస్కుమీదికి కాపీ పెట్టాడు. తెల్లవారుజామున మూడింటికి ఆరో డిస్కు మొరాయించింది! రూములో ఎవరూ మాట్లాడలేదు. అసిస్టెంటు బయటికెళ్ళి మెట్లమీద కూచున్నాడు. ‘రేపు చేద్దాం’ అన్నది అతనేనని అప్పుడు తెలిసింది.

అతనికి ‘టాయ్ స్టోరీ 2’ కథ చెప్పాను. 1998లో పిక్సార్‌లో ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క కమాండుతో ఆ సినిమా ఫైళ్ళు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్పూ పనిచెయ్యలేదు. పసిబిడ్డ కోసం ఇంటినుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ కంప్యూటర్లోని కాపీ ఆదుకుంది.

"మనింట్లో ఎవరికీ బిడ్డల్లేరండీ" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

తెల్లారేసరికి సీను కాపీ అయింది, రెండు షాట్లు తప్ప. ఆ తర్వాత ఆరో డిస్కులో చదవగలిగినదంతా కొత్తదానిమీదికి దింపి, దాన్ని ఆరోచోట పెట్టి, అప్పుడుగానీ మూడో డిస్కు జోలికి పోలేదా కుర్రాడు. ఆదివారం సాయంత్రానికి ఎనిమిది పచ్చలైట్లూ వెలిగాయి.

డైరెక్టరుగారు పోయిన షాట్లేమిటని అడిగారు. హీరోయిన్ గొడుగు మూసేదొకటి, వెనక్కి తిరిగి చూసేదొకటి.

"గొడుగు పోతే పోనీ, ఆ చూపు..." అని ఆగిపోయారు.

అసిస్టెంటు టేపు మిషన్ ఆన్ చేశాడు.